ఈ వానాకాలం మీ ముళ్లమొక్కల్లో ఏం పూసింది, ఏం వచ్చి వాలింది?

మిద్దెవనం · అల్వాల్ · జులై 4, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. మా మిద్దె మీది గుండ్రటి కాక్టస్ నిన్న రాత్రి పూసింది. ఆనందం పట్టలేక పొద్దున్నే రాస్తున్నాను.

జూన్‌లో మొదటి వానలు పడ్డాక ఒక పక్కన బూడిదరంగు నూగుతో చిన్న మొగ్గ కనిపించింది. రోజురోజుకీ సాగి జానెడు గొట్టం అయింది. నిన్న సాయంత్రం కొస కాస్త ఉబ్బితే ఇంటిల్లిపాదీ కుర్చీలు పైకి తెచ్చుకుని కూర్చున్నాం. ఎనిమిదిన్నర దాటాక బయటి రేకులు ఒక్కొక్కటే వెనక్కి వంగాయి. పదింటికల్లా అరచెయ్యంత పువ్వు. అంచులు లేత గులాబీ, లోపలికి వెళ్లేకొద్దీ తెలుపు. టార్చి వేసి చూస్తే కేసరాలు రెండు జట్లుగా ఉన్నాయి. ఒక జట్టు గొట్టం లోపల అడుగున పడుకుని ఉంది, ఇంకో జట్టు పువ్వు గొంతు అంచు చుట్టూ వలయంగా నిలబడి ఉంది. ఇంత పొందిక నేను ఏ పువ్వులోనూ చూడలేదు.

కాసేపటికి పెద్ద పురుగు ఒకటి వచ్చింది. పువ్వు మీద వాలలేదు. గాల్లోనే నిలబడి, నోట్లోంచి పొడుగాటి దారంలాంటిది చాపి గొట్టంలోకి దించింది. రెక్కలు కంటికి ఆనలేదు. మా అమ్మాయి అది పిట్టే అంటోంది.

రెండు ప్రశ్నలు. ఈ కాక్టస్ పేరేంటి, ఏటా పూయాలంటే ఏం చేయాలి? వచ్చిన ఆ జీవి ఏంటి? ఫోటోలు పెట్టాను, చీకట్లో తీసినవి, సర్దుకోండి.

ముళ్లపొద · సైనిక్‌పురి · జులై 4, ఉదయం 9:15

మిద్దెవనం గారూ, చాలా సంతోషం. మీది ఎకినాప్సిస్. గొట్టం మీద ఆ నూగు, ఒంటి మీద నిలువు గట్లు, చుట్టూ పుట్టుకొచ్చే పిలకలు చూస్తే అనుమానం అక్కర్లేదు. బ్రెజిల్, ఉరుగ్వే, అర్జెంటీనా వైపు మొక్క. మన దగ్గర పాత ఇళ్ల పిట్టగోడల మీద ఏళ్ల తరబడి కూర్చుని ఉండే కాక్టస్ చాలాచోట్ల ఇదే. పువ్వు ఒక్క రాత్రిది. మర్నాడు ఎండ ముదిరేసరికి వాలిపోతుంది. మబ్బు పట్టిన రోజైతే మధ్యాహ్నం దాకా ఉంటుంది.

ఏటా పూయించాలంటే మన చలికాలాన్ని వాడుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య దాకా నీళ్లు దాదాపు మానేయండి. మొక్క కాస్త ముడుచుకుపోతుంది, టెన్షన్ పడొద్దు. పగలు మంచి ఎండ, రాత్రి చలి, పొడి మట్టి, ఈ మూడూ కలిస్తేనే దానికి పూత ఆలోచన వస్తుంది. హైదరాబాద్‌లో ఇవి మనం ఏర్పాటు చేయనక్కర్లేదు, నీళ్ల మగ్గు పక్కన పెడితే చాలు. నిజానికి సముద్రం పక్క ఊళ్ల కంటే మన ఊళ్లో కాక్టస్‌లు సుఖంగా ఉంటాయి. గాలిలో తేమ తక్కువ, చలికాలం రాత్రుళ్లు చల్లన.

మార్చిలో నీళ్లు మళ్లీ మొదలుపెట్టండి. మొదటిసారి కొద్దిగా, వారం ఆగి కుండీ అంతా తడిసేలా. పొటాష్ ఎక్కువున్న ఎరువు పల్చగా ఇవ్వొచ్చు. యూరియా జోలికి మాత్రం వెళ్లొద్దు. నత్రజని ఎక్కువైతే ఒళ్లు ఉబ్బుతుంది, ఒక్కోసారి పగులుతుంది, పూత రాదు. పిలకలు మరీ గుంపు కడితే కొన్ని తీసి వేరే కుండీల్లో పెట్టండి. తల్లి మొక్క బలమంతా పిల్లలకే పోతుంటే మొగ్గలు తగ్గుతాయి.

మొగ్గ కనిపించాక కుండీని అటూ ఇటూ తిప్పొద్దు. వెలుగు వచ్చే దిక్కు మారితే మొగ్గలు రాలే ప్రమాదం ఉంది.

రెక్కలలోకం · నల్లకుంట · జులై 4, మధ్యాహ్నం 1:30

మీ అమ్మాయి పిట్ట అనుకోవడంలో వింత లేదు, మొదటిసారి చూసిన పెద్దవాళ్లు కూడా అలాగే అంటారు. అది హాక్ మాత్, రాత్రి తిరిగే రెక్కలపురుగు. మీ మూడో ఫోటోని పెద్దది చేసి చూడండి. పొట్ట మీద రెండు పక్కలా గులాబీ, నలుపు పట్టీలు వరసగా ఉంటే అది కన్వాల్వులస్ హాక్ మాత్. దాని తొండం ఒంటి కంటే పొడుగు. మామూలుగా చుట్ట చుట్టి మొహం కింద దాచుకుంటుంది, పువ్వు దగ్గరికొచ్చాకే చాపుతుంది.

ఎకినాప్సిస్‌ని దాని సొంత గడ్డ మీద కూడా ఇలాంటి హాక్ మాత్‌లే వెతుక్కుంటూ వస్తాయి. తెల్లటి పువ్వు, రాత్రి విచ్చడం, పల్చటి తీపి వాసన, జానెడు గొట్టం అడుగున తేనె, ఇదంతా పొడుగు తొండం ఉన్న అతిథి కోసమే. వేల మైళ్ల అవతలి నుంచి వచ్చిన మొక్కని అల్వాల్ మిద్దె మీద మన పురుగు గుర్తుపట్టి వచ్చిందంటే నాకు ఒళ్లు పులకరిస్తోంది.

దీని గొంగళిపురుగులు చిలగడదుంప తీగ, గరాటులాంటి పూలతో పాకే ఇపోమియా తీగల ఆకులు తింటాయి. మీ చుట్టుపక్కల ఎవరి పెరట్లోనో ఆ తీగ ఉండే ఉంటుంది.

మిద్దెవనం · అల్వాల్ · జులై 4, సాయంత్రం 5:05

గులాబీ పట్టీలు ఉన్నాయండీ! స్పష్టంగా కనిపిస్తున్నాయి. వెనకింటి వాళ్లకి చిలగడదుంప తీగ కూడా ఉంది.

కీసరగుట్టదారి · కీసర · జులై 5, ఉదయం 7:20

పూల మధ్యలో నాది వేరే కబురు. నిన్నటి వానకి మా ఖాళీ జాగాలో ఆరుద్ర పురుగులు వచ్చాయి. కాక్టస్ కుండీల కింద తడి ఎర్రమట్టిలో, చెట్టు మొదట్లో, ఎక్కడ చూసినా ఎర్ర మఖమల్. మా అమ్మ "కార్తె తప్పకుండా వచ్చాయిరా" అని మురిసిపోయింది. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోపలే ఉండి, తొలకరి గట్టిగా పడ్డాకే కొన్నాళ్లు పైకి వస్తాయి. నగరంలో అంతా సిమెంటు చేసేస్తున్నారు, కాబట్టి గేటెడ్ కమ్యూనిటీలో పెరిగే పిల్లలకి ఇవి తెలియవు. మీలో ఎవరికైనా కాస్త మట్టి నేల మిగిలి ఉంటే దాన్ని టైల్స్‌తో కప్పొద్దు, పురుగుమందు కొట్టొద్దు. ఇవి చెదల్ని, చిన్న పురుగుల గుడ్లని తింటాయి. మొక్కకి హాని చేయవు.

కొత్తకుండీ · బోడుప్పల్ · జులై 6, రాత్రి 9:10

నేను ఈ మధ్యే మొదలుపెట్టాను. ఒక నర్సరీలో రెండు కాక్టస్‌లు కొన్నాను. ఒకటి కింద ఆకుపచ్చ కాడ, పైన ఎర్రటి బంతి. రెండోదానికి నెత్తిన పసుపు పువ్వు ఉంది. నెలయినా ఆ పువ్వు వాడలేదు, మూయలేదు. ముట్టుకుంటే కాగితంలా గరగరమంటోంది. దీన్ని ఎలా చూసుకోవాలో చెప్పండి.

ముళ్లపొద · సైనిక్‌పురి · జులై 6, రాత్రి 10:00

కొత్తకుండీ గారూ, ఆ పసుపు పువ్వు మొక్కది కాదు. ఎండబెట్టిన పువ్వుని గమ్ముతో అంటించారు. చాలాచోట్ల అమ్ముతున్నారు, చూస్తే నాకు కడుపు మండుతుంది. కాక్టస్ నెత్తి మధ్యభాగమే కొత్త ముళ్లు, కొత్త ఒళ్లు పుట్టే చోటు. అక్కడ వేడి గమ్ము పోస్తే ఎదుగుదల దెబ్బతింటుంది. బలవంతంగా పీకొద్దు, చర్మం ఊడివస్తుంది. గమ్ము పైపైన ఉన్న కాగితం రేకుల్ని కత్తెరతో తీసేసి వదిలేయండి. మొక్క ఎదిగేకొద్దీ ఆ గమ్ము పక్కకి జరిగి ఎప్పుడో రాలిపోతుంది.

ఎర్ర బంతి సంగతి వేరు, అది అంటు. పైనున్నది జిమ్నోకాలిసియం జాతిలో పత్రహరితం లేని రకం. తన తిండి తను వండుకోలేదు కాబట్టి డ్రాగన్ ఫ్రూట్ కాడ మీద అంటుకట్టి బతికిస్తారు. 1940ల్లో జపాన్‌లో మొలకల మధ్య ఇలాంటి ఎర్ర మొలకలు కనిపిస్తే వాటిని అలా కాపాడారు, అక్కడి నుంచి ప్రపంచమంతా పాకింది. కింది కాడ మెత్తబడితే పైది కూడా పోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ తగలనివ్వకండి, పొద్దుటి వెలుగు చాలు. డ్రాగన్ కాడ కాబట్టి మిగతా కాక్టస్‌ల కంటే కాస్త ఎక్కువ నీళ్లు అడుగుతుంది. చలికాలంలో మరీ మాడ్చొద్దు.

పూసేది కావాలంటే మామిల్లేరియా తెచ్చుకోండి. చిన్న కుండీ చాలు, కిటికీ గట్టు చాలు. చలి తగ్గుతుండగా నెత్తి చుట్టూ చిట్టి గులాబీ పూలు కిరీటంగా వస్తాయి. ఆ తర్వాత పూల చోట ఎర్రటి సన్నటి కాయలు పొడుచుకొస్తాయి, లోపల గింజలు. మొదలుపెట్టేవాళ్లకి అంతకంటే మంచి మొక్క నాకు తెలియదు.

తొమ్మిదోఅంతస్తు · మియాపూర్ · జులై 7, ఉదయం 8:30

ముళ్లపొద గారి సలహాలన్నీ బాగున్నాయి, ఒక్క ఎండ విషయంలో నాది వేరే మాట. "కాక్టస్‌కి ఎంత ఎండైనా పర్లేదు" అని మన వేదికలో పాత చర్చల్లో చాలామంది రాశారు. రోహిణి కార్తెలో పడమటి బాల్కనీలో పెట్టి చూడమనండి. 42 డిగ్రీల ఎండ ఒక ఎత్తు, వెనక గోడ, కింద టైల్స్ వెనక్కి కొట్టే వేడి ఇంకో ఎత్తు. నల్ల ప్లాస్టిక్ కుండీలో వేర్లు ఉడికిపోతాయి. మొక్క ఒంటి మీద తెల్లగా, తర్వాత గోధుమరంగుగా మచ్చ పడితే అది ఇక పోదు. నేను ఏప్రిల్ మొదటి వారంలోనే యాభై శాతం ఎండ ఆపే గ్రీన్ నెట్ కట్టేస్తాను, తొలకరి వచ్చాకే తీస్తాను.

ముళ్లపొద · సైనిక్‌పురి · జులై 7, ఉదయం 11:45

నెట్ కింద పెరిగిన గోల్డెన్ బ్యారెల్ కాక్టస్ ముళ్లు పల్చబడి వెలిసిపోతాయి. నా దగ్గర అవన్నీ ఏడాది పొడుగునా ఆరుబయటే. పసుపు ముళ్లు దట్టంగా ఉంటే అవే దానికి గొడుగు. సెరియస్, నాగజెముడు, గోల్డెన్ బ్యారెల్, వీటికి నెట్ కట్టడం నాకు ఇష్టం లేదు.

జిమ్నోకాలిసియం, ఆస్ట్రోఫైటం, హవర్తియాలాంటి నున్నటివాటికి మాత్రం మీరు చెప్పిందే సరి. ఇంకోటి, నర్సరీ నీడలోంచి తెచ్చిన దేన్నైనా నేరుగా ఎండలో పెట్టొద్దు. కొన్ని వారాలు పొద్దుటి ఎండకి అలవాటు చేసి అప్పుడు జరపాలి.

వేసవిలో నీళ్లు సాయంత్రం పోయండి. కాక్టస్‌లు పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటాయి. నీటిని అలా దాచుకుంటాయి. మిట్టమధ్యాహ్నం కాలిన కుండీలో నీళ్లు పోస్తే వేరు ఉడుకుతుంది, లాభం ఉండదు.

తొమ్మిదోఅంతస్తు · మియాపూర్ · జులై 7, మధ్యాహ్నం 12:20

గోల్డెన్ బ్యారెల్ విషయంలో ఒప్పుకుంటాను, కానీ మీది నేల మీది ఇల్లు, చుట్టూ చెట్లు. పడమటి బాల్కనీ వాళ్లు నెట్ మానొద్దనే నా మాట.

రాతిగుట్ట · వనస్థలిపురం · జులై 8, ఉదయం 6:30

మట్టి సంగతి కూడా ఇక్కడే అయిపోతే మంచిది. వానాకాలంలో పోయే కాక్టస్‌లలో ఎక్కువ శాతం ఎండవల్ల కాదు, కుండీలో నీళ్లు నిలబడి పోతాయి. నర్సరీల నుంచి వచ్చేవి చాలావరకు ఉత్త కోకోపీట్‌లోనో, బంకమట్టి ముద్దలోనో ఉంటాయి. కోకోపీట్ తడిస్తే వారమైనా ఆరదు, బంకమట్టిలోనూ నీళ్లు నిలబడతాయి. మన వాతావరణానికి రెండూ ఇబ్బందే.

నేను వాడేది ఇది. జల్లించిన ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక ఒక పాలు, శనగగింజంత ఇటుక ముక్కలు లేదా గ్రానైట్ చిప్స్ రెండు పాళ్లు, బాగా మాగిన వర్మికంపోస్ట్ గుప్పెడు. ఇల్లు కట్టేచోట మిగిలిన ఇసుకైతే పొడిని జల్లించి పారేయాలి, లేకపోతే సిమెంటులా గట్టిపడుతుంది. నీళ్లు పోసిన నిమిషంలో అడుగు రంధ్రంలోంచి కారాలి. కారకపోతే చిప్స్ పెంచండి. మట్టి కుండీ అయితే ఇంకా మేలు.

బోరు నీళ్లు పోసేవాళ్లు కుండీ అంచున తెల్లటి పొర కట్టడం చూసే ఉంటారు. అది ఉప్పు. ఏళ్ల తరబడి పేరుకుంటే వేరు పాడవుతుంది, ఒంటి మీద కూడా తెల్లగా పొర కడుతుంది. వానాకాలంలో రెండు డ్రమ్ములు వాన నీళ్లు పట్టుకుని మూత పెట్టుకుంటే, అక్టోబరు దాకా వాటితో గడిచిపోతుంది. మూత తప్పనిసరి, దోమలు.

గూటిగువ్వ · మల్కాజిగిరి · జులై 19, రాత్రి 12:40

ఇంకా నిద్ర పట్టడం లేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో బ్రహ్మకమలం పూసింది. ఒక్క కొమ్మకే డజనుకి పైగా. కిందకి వేలాడే మొగ్గలు నిన్నటి నుంచి మెడ ఎత్తడం మొదలుపెట్టాయి. అలా ఎత్తాయంటే ఇక ఆ రాత్రో, మర్నాటి రాత్రో విచ్చుతాయని పక్కింటి పిన్నిగారు ముందే చెప్పారు. తొమ్మిదింటికి కదలిక మొదలైంది. బయట ఎర్రటి సన్నటి పోగులు విడివడి, లోపలి తెల్లటి రేకులు వణుకుతూ విప్పారాయి. మెట్ల మీద మూడు అంతస్తుల దాకా వాసన. ప్రతి ఇంటి నుంచీ వచ్చి చూశారు, పిన్నిగారు హారతి ఇచ్చారు, ఎవరో బొబ్బట్లు తెచ్చారు. పండగలా ఉంది.

అడిగేదేంటంటే, పై ఇంటివాళ్లకీ ఇదే మొక్క ఉంది. ఏటా మొగ్గలు పడతాయి, గోళీ అంత కాగానే రాలిపోతాయి. ఎందుకు?

ముళ్లపొద · సైనిక్‌పురి · జులై 19, ఉదయం 7:50

మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే కాక్టస్ అది. ఎడారి కాక్టస్ పద్ధతులు దానికి పనికిరావు. పల్చటి నీడ, గాలి, ఆకుపెంట కలిసిన వదులు మట్టి కావాలి. ఆకులు అనుకుంటున్నవి చదునైన కాండాలే. పువ్వు వాటి అంచు నొక్కుల్లోంచే వస్తుంది.

మొగ్గలు రాలడానికి నేను చూసిన ప్రధాన కారణం మట్టి ఒకసారి పూర్తిగా ఎండి, మరుసటి రోజు ముంచేసేలా నీళ్లు పోయడం. మొగ్గ ఉన్నన్నాళ్లూ మట్టి చేతికి చల్లగా తగలాలి, బురద కాకూడదు. రెండోది, మొగ్గ కనిపించగానే అందరికీ చూపించాలని హాల్లోకి తేవడం. వాళ్లది ఉన్నచోటే ఉంచమనండి.

కోసిన కొమ్మ ముక్క జానెడు తీసుకుని, కోసినచోట మూడు నాలుగు రోజులు ఆరనిచ్చి, నాటితే వేరు పడుతుంది. కింది కొస కిందకే ఉండాలి.

గూటిగువ్వ · మల్కాజిగిరి · జులై 19, ఉదయం 8:15

వాళ్లది లిఫ్ట్ పక్కన ఒకసారి, బాల్కనీలో ఒకసారి మారుతూ ఉంటుందండీ. ఇవాళే చెప్తాను. మీరంతా ఒకసారి మా ఇంటికి రండి, కొమ్మలు తలా ఒకటి ఇస్తాను.

తొమ్మిదోఅంతస్తు · మియాపూర్ · ఆగస్టు 3, ఉదయం 7:05

ఒక సలహా కావాలి. గోల్డెన్ బ్యారెల్‌కీ గోడకీ మధ్య ఉన్న కుండీలో గువ్వ గూడు పెట్టింది. గూడు అనడానికి పది పుల్లలు, అంతే. రెండు తెల్లటి గుడ్లు. నేను వెళ్తే లేవదు, గొంతు ఉబ్బించి చూస్తుంది. ఆ వరసలో అన్నిటికీ నీళ్లు పోయాలి, ఎరువు వేయాలి. ఏం చేయమంటారు?

రెక్కలలోకం · నల్లకుంట · ఆగస్టు 3, ఉదయం 7:40

ఏమీ చేయొద్దు. గుడ్లు పొదగడానికి దాదాపు రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంకో రెండు వారాలు. కాక్టస్‌లకి ఆ నెల నీళ్లు లేకపోతే నష్టం లేదు, వానాకాలం కూడా. ముళ్ల మధ్య గూడు పెట్టుకుంటే పిల్లి రాదని ఆ గువ్వకి తెలుసు. ఫోటో కోసం మాటిమాటికీ దగ్గరికి వెళ్లకండి, కాకులు మిమ్మల్నే గమనిస్తుంటాయి. గ్రీన్ నెట్ అంచు వేలాడుతుంటే మాత్రం పైకి కట్టేయండి, పిల్లల కాళ్లు చిక్కుకుంటాయి.

ఆ వరసలోనే అడేనియం ఉంటే ఆకుల కింద కూడా చూడండి. ఈ నెలల్లో దాని మీద వేలంత లావు ఆకుపచ్చ గొంగళిపురుగు కనిపిస్తుంది, తల వెనక రెండు నీలం కళ్లలాంటి మచ్చలు. అవి నిజం కళ్లు కావు, పిట్టల్ని బెదిరించడానికి. ఓలియాండర్ హాక్ మాత్ పిల్ల అది. గన్నేరు, నందివర్ధనం, బిళ్లగన్నేరు ఆకులు కూడా తింటుంది. అడేనియం ఆకులు పోయినా మళ్లీ చిగురిస్తుంది, కాబట్టి చంపొద్దు. మరీ బాధగా ఉంటే నందివర్ధనం మీదకి మార్చండి. ఒళ్లు గోధుమరంగుకి తిరిగిందంటే ఇక తినడం ఆపి, ఎండుటాకుల కింద ప్యూపా కట్టడానికి దిగుతోందని అర్థం. కొన్నాళ్లకి ఆకుపచ్చా గులాబీ పాలరాయి గీతలున్న రెక్కలతో బయటికొస్తుంది. మన ఊళ్లో కనిపించే రెక్కలపురుగుల్లో నా కంటికి అదే అందగత్తె.

తొమ్మిదోఅంతస్తు · మియాపూర్ · ఆగస్టు 27, సాయంత్రం 6:10

రెండు పిల్లలూ ఎగిరిపోయాయి. అడేనియంకి నాలుగు ఆకులు మిగిలాయి, పర్లేదు.

కొత్తకుండీ · బోడుప్పల్ · ఆగస్టు 29, ఉదయం 10:30

మా తాతగారి ఊరి నుంచి తెచ్చిన నాగజెముడు రెక్కల మీద తెల్లటి దూది అంటుకున్నట్టు ఉంది. పిండినల్లి అనుకుని పుల్లతో నలిపితే చెయ్యంతా రక్తంలా ఎర్రగా అయింది. భయమేసింది.

రాతిగుట్ట · వనస్థలిపురం · ఆగస్టు 29, మధ్యాహ్నం 3:00

భయం వద్దు, మీ చేతికి అంటింది చరిత్రే. అది కాకినీల్ పురుగు. ఆ ఎరుపే కార్మైన్ రంగు. మెక్సికో నుంచి స్పెయిన్ వాళ్లు తీసుకెళ్లి యూరప్ అంతా అమ్మి సంపాదించింది దీంతోనే. ఆ లాభం చూసి ఈస్టిండియా కంపెనీ వాళ్లు మన దేశంలో కూడా పెంచాలనుకున్నారు. 1795లో బ్రెజిల్ నుంచి బెంగాల్‌కి పురుగులు వచ్చాయి. తీరా వచ్చింది మంచి రంగునిచ్చే పెంపుడు రకం కాదు, అడవి రకం. రంగు వ్యాపారం నిలబడలేదు, కానీ ఆ పురుగు ఒక రకం నాగజెముడుని ఎక్కడికక్కడ తినేసింది. పొలాల్ని కమ్మేసే కలుపుని పురుగుతో అణచడం సాధ్యమేనని తర్వాతివాళ్లకి అలా తెలిసొచ్చింది. 1926లో ఇంకో రకం కాకినీల్‌ని శ్రీలంక నుంచి దక్షిణ భారతానికి తెచ్చి వదిలితే, పొలాల గట్ల మీద గోడలు కట్టిన నాగజెముడు చాలా ప్రాంతాల్లో మాయమైంది. మన తాతలు చెప్పే జెముడు కంచెలు ఇప్పుడు అంతగా కనపడకపోవడానికి అదొక కారణం.

మీ మొక్క సంగతి. పైపు నీళ్లు గట్టిగా కొట్టి దూదిని కడిగేయండి. తర్వాత పల్చటి సబ్బు నీళ్లలో వేప నూనె కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయండి, వారానికోసారి, పోయేదాకా. మరీ పట్టిన రెక్కల్ని కోసి సంచిలో కట్టి పారేయండి. మిగతా కాక్టస్‌లకి దూరంగా పెట్టండి. చేతికి తొడుగులు వేసుకోవాలి. నాగజెముడు పెద్ద ముల్లు కంటే దాని మొదట్లో ఉండే సన్నటి నూగుముళ్లే ఎక్కువ బాధిస్తాయి. గుచ్చుకుంటే సెల్లోటేపు అతికించి లాగండి.

బాగ్‌లింగంపల్లి_బాల్కనీ · సెప్టెంబరు 11, ఉదయం 9:25

రెండు రోజులుగా మా బాల్కనీలో ఎలుక చచ్చిన వాసన. మా అత్తయ్య అల్మారాలు జరిపించారు, కూలర్ వెనక చూశారు, ఏమీ లేదు. ఇవాళ పొద్దున చూస్తే వాసన ఒక కుండీలోంచి! ముళ్లు లేని, నాలుగు పలకల మెత్తటి కాడల మొక్క. కింద నేలకి ఆనుకుని అయిదు కోణాల నక్షత్రంలాంటి పువ్వు, నా రెండు అరచేతులంత. గోధుమ ఎరుపు, అడ్డంగా సన్నటి గీతలు, అంచుల్లో మెత్తటి వెంట్రుకలు. ఈగలు ముసిరాయి. నడిమధ్యలో తెల్లటి గుడ్లు కూడా పెట్టాయి. ఏ కాక్టస్ ఇది?

రాతిగుట్ట · వనస్థలిపురం · సెప్టెంబరు 11, ఉదయం 10:10

కాక్టస్ కాదండీ, స్టపీలియా. దక్షిణ ఆఫ్రికా వైపు మొక్క, జిల్లేడు బంధువు. కుళ్లిన మాంసం అనుకుని ఈగ వచ్చి గుడ్లు పెడుతుంది. పిల్లలు పుట్టినా తినడానికి అక్కడేమీ ఉండదు, చచ్చిపోతాయి. ఈగ కాళ్లకి పుప్పొడి అంటుకుని ఇంకో పువ్వుకి చేరితే మొక్క పని అయిపోతుంది. వాసన ఇంకో రోజు, అంతే. కుండీని మిద్దె మీదకి పంపండి, పారేయొద్దు. అలాంటి పువ్వు చూడాలని ఎంతమంది వెతుకుతున్నారో మీకు తెలియదు.

ఇక నేను చాలా రోజులుగా రాయాలనుకుంటున్న మాట. స్టపీలియాకి మన సొంత చుట్టం ఉంది, కుందేటి కొమ్ములు. మన దక్కన్ గుట్టల మీద, రాళ్ల సందుల్లో, పొదల నీడన పెరుగుతుంది. నాలుగు పలకల బూడిద ఆకుపచ్చ కాడ, వేలంత లావు. ఎండాకాలంలో ఎండుపుల్లలా ఉంటుంది. నాలుగు వానలు పడ్డాక కొసల్లో ముదురు ఊదా రంగు చిట్టి నక్షత్రాలు. భూతద్దం పెట్టి చూస్తే రేకుల అంచున గాలికి కదిలే పోగులు కనిపిస్తాయి. తర్వాత జంటగా కొమ్ముల్లాంటి కాయలు. పగిలితే జిల్లేడు దూదిలాగే పట్టుపోగులతో గింజలు ఎగురుతాయి. పల్లెల్లో పశువులు కాసేవాళ్లు కాడలు పచ్చివే నమిలేవారు, పచ్చడి చేసేవాళ్లూ ఉన్నారు.

మెక్సికో నుంచి, ఆఫ్రికా నుంచి తెచ్చుకున్నవాటిని ప్రేమిద్దాం, నేనూ పెంచుతున్నాను. కానీ మన గుట్టల్ని క్వారీలకీ, వెంచర్లకీ పేల్చేస్తుంటే వాటి మీది మొక్కలు పేరు తెలియకుండానే పోతున్నాయి. గుట్ట మీద కనిపిస్తే పీక్కురావద్దు. పిలుచుకెళ్లి పిల్లలకి చూపించండి. పెంచాలనుకుంటే, పనులు మొదలైన చోట యంత్రాల కింద పడబోయేవాటి కాడ ముక్క తెచ్చుకుంటే అది కాపాడినట్టు. ఆరబెట్టి, ఎక్కువ చిప్స్ కలిపిన మట్టిలో పెడితే వేరు పడుతుంది.

కీసరగుట్టదారి · కీసర · సెప్టెంబరు 11, రాత్రి 8:45

రాతిగుట్ట అన్నా, మా వెనక గుట్ట మీద మీరు చెప్పిన కాడలు ఉన్నాయి. పూత మీద ఉన్నాయేమో ఆదివారం చూస్తాను. వచ్చేవాళ్లు పొద్దున ఆరింటికల్లా వస్తే చల్లగా ఉంటుంది. రాళ్ల మధ్య చూసుకుని నడవాలి, పాములుంటాయి.

మిద్దెవనం · అల్వాల్ · సెప్టెంబరు 20, ఉదయం 7:00

డ్రాగన్ ఫ్రూట్ పెంచేవాళ్లు ఉన్నారా? మా డ్రమ్ములోది రెండోసారి పూసింది. రాత్రి అంత పెద్ద తెల్లటి పువ్వు, పొద్దున తేనెటీగలు లోపల పొర్లాయి. అయినా వారంలో పసుపు రంగుకి తిరిగి రాలిపోయింది. లోపల గుజ్జు ఎరుపు రకమని చెప్పి ఇచ్చారు.

రెక్కలలోకం · నల్లకుంట · సెప్టెంబరు 20, ఉదయం 9:30

ఎర్ర గుజ్జు రకాల్లో చాలావాటికి తన పుప్పొడి తనకి పనిచేయదు. పక్కన వేరే రకం ఉండాలి. తెల్ల గుజ్జు రకం కొమ్మ ఒకటి అదే స్తంభానికి ఎక్కించండి. రెండూ ఒకే రాత్రి పూస్తే పదింటి తర్వాత మెత్తటి బ్రష్‌తో దీని పుప్పొడి దాని కీలాగ్రానికి, దానిది దీనికి రాయండి. కట్టిందంటే పువ్వు వెనక కాయ ఆకుపచ్చగానే ఉండి ఉబ్బుతుంది. నెల, నెల మీద నాలుగైదు రోజులకి పండుతుంది. రంగు తిరగగానే పల్చటి గుడ్డ సంచి కట్టండి. లేదంటే పిగిలిపిట్టలు మీకంటే ముందు రుచి చూస్తాయి. మాకు రెండు కాస్తే ఒకటి వాటికే వదిలేస్తాం.

ముళ్లపొద · సైనిక్‌పురి · సెప్టెంబరు 20, మధ్యాహ్నం 12:15

తెల్ల గుజ్జు కొమ్మ నా దగ్గర ఉంది, అల్వాల్ ఎంత దూరం, వచ్చి తీసుకెళ్లండి. వచ్చేటప్పుడు మీ ఎకినాప్సిస్ పిలక ఒకటి తెండి. నా దగ్గరున్నవి తెల్లవి, లేత గులాబీ లేదు.

గూటిగువ్వ · మల్కాజిగిరి · అక్టోబరు 5, సాయంత్రం 5:40

ఇవాళ మిద్దె మీద ఆకాశం నిండా తూనీగలు. వందలు. ఒక్కటీ వాలడం లేదు, ఒకే ఎత్తులో తిరుగుతున్నాయి. వాన వస్తుందంటోంది మా అమ్మ.

రెక్కలలోకం · నల్లకుంట · అక్టోబరు 5, సాయంత్రం 6:30

లేత పసుపు ఒళ్లైతే అవి వాండరింగ్ గ్లైడర్‌లు. వానాకాలం నీటిగుంటల్లో పుట్టి, వానలు వెనక్కి తగ్గే ఈ రోజుల్లో గుంపులు కడతాయి. ఇవి మన దేశం నుంచి మాల్దీవుల మీదుగా హిందూ మహాసముద్రం దాటి తూర్పు ఆఫ్రికా చేరతాయని 2009లో పరిశోధకులు ప్రకటించారు. రెండంగుళాలు కూడా లేని ఒంటితో! వాన నీళ్ల డ్రమ్ముకి మూత పెట్టుకోవడం మంచిదే. మిద్దె మీద ఒక తొట్టిలో తామరో కలువో వేసి, గప్పీ చేపలు వదలకుండా ఉంచితే తూనీగ పిల్లలు అందులో పెరుగుతాయి, దోమ పిల్లల్ని అవే తింటాయి.

బాగ్‌లింగంపల్లి_బాల్కనీ · అక్టోబరు 12, ఉదయం 8:20

మా కాలనీ పార్కులో కిత్తనార మధ్యలోంచి రెండంతస్తుల ఎత్తు కర్ర లేచింది. కొసన పూలు, పూల పక్కనే చిట్టి చిట్టి మొక్కలు. మాలి అన్న కొట్టేస్తానంటున్నాడు, మొక్క ఎలాగూ చచ్చిపోతుందట. నిజమేనా?

ముళ్లపొద · సైనిక్‌పురి · అక్టోబరు 12, ఉదయం 9:00

నిజమే, ఏళ్ల తరబడి కూడబెట్టిన బలమంతా ఆ ఒక్క పూతకే ఖర్చు పెట్టి తల్లి ఎండిపోతుంది. కానీ ఇప్పుడే కొట్టనివ్వకండి. కొసనున్న ఆ పిల్లమొక్కలు ఇంకా ఎదగాలి, ముదిరాక వాటంతటవే రాలి వేరు పడతాయి. పూలున్నన్నాళ్లూ పగలు తేనెపిట్టలు, రాత్రి గబ్బిలాలు వస్తాయి, చూడండి. కాలనీ కమిటీ వాళ్లతో మాట్లాడి సంక్రాంతి దాకా గడువు అడగండి. రాలిన పిల్లల్ని బుట్టలో ఏరి ఉంచితే మన వాళ్లం పంచుకుంటాం.

బాగ్‌లింగంపల్లి_బాల్కనీ · అక్టోబరు 12, రాత్రి 7:55

కమిటీ సెక్రటరీ గారు ఒప్పుకున్నారు. మాలి అన్న కర్రకి తాడు కట్టి పక్క స్తంభానికి ఊతం కూడా ఇచ్చాడు, గాలికి కరెంటు తీగల మీద పడకుండా. పిల్లమొక్కలు కావలసినవాళ్లు ఇక్కడే కింద రాయండి, జనవరిలో పిలుస్తాను.

కొత్తకుండీ · బోడుప్పల్ · అక్టోబరు 12, రాత్రి 8:05

నాకు రెండు.

కీసరగుట్టదారి · కీసర · అక్టోబరు 12, రాత్రి 8:30

మాకు జాగా ఉంది, మిగిలినవన్నీ మాకే.